ఇంకు కిటికీ ఉన్న పెన్ను

కిందటి వారం కోటేశ్వరిని లక్ష్మీనారాయణ కొట్టులో బల్ల మీద కూర్చోబెట్టి వచ్చాం. నరసరావుపేట డిపోలో ఇరవై ఆరేళ్ళుగా కండక్టరు చేస్తున్న మనిషి, వారానికొక్కటి దొరికే సెలవు రోజున ఇంట్లో నడుం వాల్చకుండా, రుమాల్లో చుట్టిన పాత పెన్ను పట్టుకుని ఎందుకొచ్చిందో అప్పుడే చెప్పుకున్నాం. ఆ వారం చదవనివాళ్ళ కోసం మళ్ళీ నాలుగు మాటలు.

తల్లి ఎల్లమ్మకు కంటి ఆపరేషను చేయించాలని ఆధార్ కార్డు కోసం ట్రంకుపెట్టె తిరగేస్తే అడుగున ఆ పెన్ను దొరికింది. దాని మీద 'పల్లపు కొండలు' అని తెలుగులో చెక్కి ఉంది. అది కోటేశ్వరి తండ్రి పేరు. ఎనభయ్యో సంవత్సరం మే నెలలో, మాచర్ల అవతల నాపరాయి క్వారీలో బండలు పగలేసే మందు తూటా పేలినప్పుడు, లోపల ఉండిపోయిన బావమరిది శివాజీని కాపాడబోయి కొండలు పోయాడు. శివాజీ శవం బయటికి తీశారు. కొండలు శవం బండల కిందే ఉండిపోయిందన్నారు. అప్పటికి కోటేశ్వరికి ఐదేళ్ళు. తండ్రి ముఖం ఆమెకు గుర్తు లేదు, ఇంట్లో ఫోటో కూడా లేదు. పెన్ను చూపించి అడిగితే, "ఆ రోజు తువ్వాల్లో చుట్టి గట్టు మీద పెట్టి దిగాడు. మేస్త్రీ తెచ్చిచ్చాడు," అంది ఎల్లమ్మ. వేలిముద్ర వేసే మనిషికి పెన్నెందుకంటే, జేబులో పెట్టుకుంటే దర్జాగా ఉంటుందని కొనుక్కున్నాడంది. కోటేశ్వరి నమ్మింది. తండ్రి చేతి వస్తువు ఒకటి దొరికింది కదా, దానితో ఒక్క గీతయినా గీయాలనిపించింది. ఆ కోరికే ఆమెను లక్ష్మీనారాయణ దగ్గరికి తెచ్చింది.

లక్ష్మీనారాయణకు డెబ్భై దాటాయి. ఒకప్పుడు ఆ కొట్టంతా ఆయనదే. ఇప్పుడు ముందు భాగం హమీదా అనే ఆమె జిరాక్సు మిషన్లకు అద్దెకిచ్చి, లోపల మూలన ఒక బల్లా, ఒక దీపం మాత్రం ఉంచుకున్నాడు. రోజుకు ఒక పెన్ను వచ్చినా గొప్పే. అయినా పొద్దున్నే తలుపు తీసే వేళకు వచ్చి కూర్చుంటాడు.

గంటసేపు గోరువెచ్చని నీళ్ళలో నానిన పెన్నును తీసి గుడ్డతో తుడిచాడు. ఆయన చేతులు వణుకుతున్నాయి. పెన్ను పట్టుకోగానే వణుకు తగ్గింది.

"దీన్ని చూసి ఇటిక రంగు పెన్ననుకున్నావా అమ్మాయ్?"

"కాదా బాబాయ్?"

మూత మీది క్లిప్పును గోటితో కాస్త పైకెత్తి చూపించాడు. దాని కింద సన్నని గీత మేర నిగనిగలాడే నలుపు. "ఇది నల్ల పెన్ను. ఎండా గాలీ తగిలి ఏళ్ళ తరబడి ఇట్టా ఎర్రబారింది. ఎబొనైటు ఇట్టాగే అవుద్ది." పెన్ను ఒంటిని బొటనవేలితో గబగబా రుద్ది ఆమె ముక్కు దగ్గర పెట్టాడు. "ఏం వాసనొచ్చింది?"

"టైరు వాసన."

"రబ్బరులో గంధకం కలిపి ఉడికిస్తే వచ్చే కడ్డీ ఇది. క్లిప్పు మీద తామరపువ్వు ఉంది చూశావా? బెజవాడలో కమలా పెన్ వర్క్స్ అని ఉండేది. పద్నాలుగేళ్ళు అక్కడ కడ్డీలు చెక్కే లేతు మీద పనిచేశా. ఇప్పుడు లేదులే. ఆ జాగాలో అపార్టుమెంట్లు లేచాయి."

ఆయన ముఖంలోకి చాలాకాలానికి వచ్చిన చుట్టాన్ని చూసిన వెలుగు వచ్చింది. కోటేశ్వరి గోడకు తల ఆనించి వింటోంది. నిన్న రెండు డ్యూటీలు చేసింది. ఆడవాళ్ళకు ఉచితం పెట్టాక బస్సులో అడుగు తీసి అడుగు వేయడానికి చోటుండదు. చీలమండలు రెండూ వాచి చెప్పుల పట్టీలు దిగబడుతున్నాయి. పెన్ను రాస్తే చాలు, ఇంటికెళ్ళి పడుకుంటే చాలు అనుకుంటోంది.

లక్ష్మీనారాయణ భూతద్దం పెట్టుకుని పాళీ నుంచి కిందికి ఒక్కో అంగుళం చూసుకుంటూ వచ్చాడు. పాళీ బిగించే చోటు దాటాక ఆయన వేలు ఆగిపోయింది. పెన్నును దీపానికి అడ్డం పెట్టి చూశాడు. తిప్పి మళ్ళీ చూశాడు.

"మీ నాయన ఏ సంవత్సరంలో పోయాడన్నావ్?"

"ఎనభై. మే నెల."

ఆయన భూతద్దం తీసి బల్ల మీద పెట్టాడు.  తర్వాత ఇంకు సీసా దగ్గరికి లాక్కుని, "ఇంకు పోసిస్తా, తీసుకుపో. బాగానే రాసుద్ది," అన్నాడు.

ఇరవై ఆరేళ్ళు మనుషుల ముఖాలు చూసి టికెట్టు ఉందో లేదో చెప్పే కోటేశ్వరికి అది అర్థం కాకుండా ఉంటుందా?

"ఏంది బాబాయ్, ఏదో మింగేశావ్?"

"ఏమీ లేదమ్మా."

"నడుం నొప్పి, కాళ్ళ నొప్పి. మళ్ళీ మళ్ళీ తిరిగే ఓపిక లేదు నాకు. ఉన్నదేందో చెప్పు, ఇని పోతా."

ఆయన పెన్నును మళ్ళీ దీపానికి అడ్డం పెట్టాడు. పాళీ భాగానికీ ఒంటికీ మధ్యన చిటికెన వేలి గోరంత వెడల్పున లేత పసుపు ఉంగరం ఉంది. అందులోంచి లోపలి నీళ్ళు కదలడం కనిపిస్తోంది. ఇన్నాళ్ళూ కోటేశ్వరి అది అలంకారమనుకుంది.

"దీన్ని ఇంకు కిటికీ అనేవాళ్ళం. పరీక్ష మధ్యలో ఇంకైపోయి పిల్లలు ఏడుస్తన్నారని షాపులోళ్ళు గోల చేస్తే మా ఓనరు ఈ ఉపాయం చేశాడు. లోపల ఎంతుందో బయటికి కనపడుద్ది. మొట్టమొదటి కిటికీలు తిప్పింది నేనే. ఆ ప్లాస్టిక్ కడ్డీ లేతు మీద పెడితే చిట్లేది. ఇదిగో," అని ఎడమ బొటనవేలు చూపించాడు. గోటి పక్కన కండ తెగి అతుక్కున్న గుర్తు. "గోదావరికి పెద్ద వరద వచ్చిందే, ఎనభై ఆరులో? అప్పుడు మా ఆవిడ పుట్టింటి కాడ వరదలో ఇరుక్కుంటే, ఈ వేలికి కట్టు కట్టుకునే ఎల్లి తీసుకొచ్చా. ఆ పై ఏడు పరీక్షలకు ఈ రకం బజార్లోకి వచ్చింది. నాలుగో నంబరు. ఎనభై ఏడుకు ముందు ఈ పెన్ను ఏ కొట్లోనూ లేదమ్మా. ఎవరి జేబులోనూ ఉండే వీలు లేదు."

బయట హమీదా జిరాక్సు మిషను కాగితాలు కక్కుతున్న చప్పుడు. కోటేశ్వరి నెమ్మదిగా నిటారుగా కూర్చుంది.

"పెన్ను పాతదే అయ్యుంటది. కిటికీ తర్వాతెవరో అతికించి ఉంటారు."

"అట్టాగే అనుకుందామని నేనూ చూశా." ఆయన సొరుగు లాగి రెండు మూతలు తీశాడు. "ఇది మూడో నంబరు మూత. డెబ్భైల నుంచి వరద దాకా చేసింది ఇదే. పెట్టి తిప్పు."

ఆమె తిప్పింది. అర చుట్టు తిరిగి బిగుసుకుపోయింది. ఎంత తిప్పినా కదల్లేదు.

"ఇప్పుడిది పెట్టు. నాలుగో నంబరుది."

రెండో మూత వెన్నలో దిగినట్టు దిగి, చివరికంటా తిరిగి ఆగింది.

"కిటికీ పెట్టాలంటే ఒళ్ళు లావు చెయ్యాల్సొచ్చింది. దాంతో మూత బిగించే మర మార్చారు. పాత పెన్నుకు కిటికీ పెట్టటం కుదరదు. మీ నాయన పేరేమో లావు ఒంటి మీదే ఉంది. అది కొన్నాక చెక్కించిన పేరే."

కోటేశ్వరి రెండు మూతల్నీ బల్ల మీద పక్కపక్కన పెట్టి చూస్తూ ఉండిపోయింది. మనసు ఏదో లెక్క వేయబోయి ఆగిపోతోంది. ఎనభైలో పోయిన మనిషి. ఎనభై ఏడులో వచ్చిన పెన్ను.

"ఇంకో సంగతుంది. చెప్పనా, వద్దా?"

"చెప్పు బాబాయ్. ఇంత అయినాక దాపరికమేంది?"

"ఇది కొని దాచిన పెన్ను కాదు. నాలుగైదేళ్ళు బాగా రాశారు. పాళీ రెండు కాళ్ళూ విచ్చుకున్నాయి చూడు. చిన్నప్పటి నుంచి రాసినోడు ఇంత అదమడు. పెద్దయినాక అక్షరాలు దిద్దిన చెయ్యి ఇట్టా అదుముద్ది, అక్షరం జారి పారిపోద్దేమో అన్నట్టు."

ఇంకు పోసి, కాగితం మీద రెండు చుట్లు తిప్పి, ఆమె చేతిలో పెట్టాడు. మెట్ల దాకా వెంట వచ్చాడు.

"నేను నోరు మూసుకుని ఇంకు పోసి పంపాల్సింది. ఎందుకో, ఆ కిటికీ చూసేసరికి ఆగలేకపోయా. ఇంటికెళ్ళగానే అరవమాకమ్మా. ముసలిది. కంటికి ఆపరేషనయింది."

"అరిచే ఓపిక నాకెక్కడిది బాబాయ్," అంది కోటేశ్వరి.

ఆటో ఎక్కలేదు. నడిచింది. మిట్టమధ్యాహ్నం ఎండ కార్తీకమాసమైనా చురుక్కుమంటోంది. ఏటా మే నెలలో తండ్రి పోయిన రోజున తను రెండు ఆకులు వేసి తండ్రికీ, మేనమామకీ వడ్డించేది. బళ్ళో టీచరు మీ నాన్నేం చేస్తాడని అడిగితే, మా మామను కాపాడబోయి క్వారీలో పోయాడని చెప్పేది. ఆ మాట చెప్పినప్పుడల్లా క్లాసు నిశ్శబ్దమయ్యేది. తర్వాత తర్వాత, భర్త నాగేంద్రబాబు సిమెంటు లారీ మీద వారాల తరబడి దూరాలు పోయి, ఇల్లూ పిల్లా ఉద్యోగమూ ఒక్కతే ఈడ్చుకొచ్చిన రోజుల్లో, ఇక నావల్ల కాదనుకున్నప్పుడల్లా ఆమె ఆ తండ్రినే తల్చుకునేది. మండుతున్న వత్తిని చూసి కూడా కిందికి దిగిన మనిషి కూతుర్ని నేను అనుకుని లేచి చీర సర్దుకునేది. యాభై ఏళ్ళ ఒంటిని ఇన్నాళ్ళూ నిలబెట్టిన గుంజ అదొక్కటే.

ఎల్లమ్మ వరండాలో నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని గోంగూర తుంచుతోంది. చూపు ఇంకా పూర్తిగా కుదురుకోలేదు. వేళ్ళతో తడిమి ఆకు ఒక గిన్నెలోకీ, కాడ ఒక చేటలోకీ వేస్తోంది.

"బాగయిందా?" అంది చప్పుడు విని.

"బాగయింది. రాస్తంది." కోటేశ్వరి ఆమెకెదురుగా కింద కూర్చుని కాళ్ళు చాపుకుంది. "అమ్మా, ఈ పెన్ను ఎనభై ఏడులో చేశారంట."

"ఎవురన్నారు?"

"చేసినోడే అన్నాడు. లక్ష్మీనారాయణ బాబాయ్."

"ముసలోడికి మతిపోయుంటది."

"మతిపోలా. మూత పెట్టి చూపించాడు. నేనే తిప్పి చూశా." కోటేశ్వరి గొంతు పెంచలేదు. "నాన్న పోయింది ఎనభైలో. మేస్త్రీ ఆ రోజే తెచ్చిచ్చాడన్నావు. ఏడేళ్ళ తర్వాత పుట్టిన పెన్ను మేస్త్రీ చేతికెట్టా వచ్చిందే?"

 ఎల్లమ్మ చేతులు ఆగలేదు. ఆకు తుంచి చేటలో వేసింది. కాడ గిన్నెలో వేసింది. మళ్ళీ ఆకు చేటలో. కోటేశ్వరి చూస్తూ ఉంది. అరవై ఏళ్ళు వంటింట్లో బతికిన చేతులు తప్పడం ఆమె ఎప్పుడూ చూడలేదు. వంగి ఆ రెండు చేతుల్నీ పట్టుకుంది.

"ఆపు. గోంగూర మొత్తం కలిసిపోతంది."

చేతులు విడిపించుకుని ఎల్లమ్మ అంది. "ఆయనే ఇచ్చాడు."

"ఆయనంటే?"

"మీ నాయన."

వీధిలో ఎవరో బిందెలు కడుగుతున్నారు. నీళ్ళు కాలవలోకి పోతున్న చప్పుడు వరండా దాకా వినిపిస్తోంది.

"నువ్వు పది పాసయిన ఏడు," అంది ఎల్లమ్మ. "నేను హాస్టల్లో ఆయాగా చేస్తన్నానుగా. వెనక గేటు కాడ గిన్నెలు తోముతన్నా. ఎవరో నిలబడ్డారు. బిచ్చగాడేమో అనుకున్నా. ఎల్లీ అన్నాడు. అట్టా పిలిచేది ఆయనొక్కడే. చేతిలో గిన్నె జారిపోయింది. పదకొండేళ్ళే కోటీ. పదకొండేళ్ళూ నేనూ నీకులాగే నమ్మా. నా తమ్ముడి కోసం దిగి పోయాడని చానా గొప్పగా చెప్పుకునేదాన్ని. ఈదిలో తలెత్తుకుని నడిచేదాన్ని."

"దిగలేదా మరి?"

"ఆ రోజు వత్తి ముట్టించింది ఆయనే. మూడుసార్లు ఈల వేశాడంట. అందరూ పైకొచ్చారనుకున్నాడు. శివాజీ నీళ్ళ కుండ మర్చిపోయి మళ్ళీ లోపలికి దిగాడు. వత్తి సగం కాలినాక ఆడి తల కనపడిందంట. ఒరేయ్ ఒరేయ్ అని అరుస్తా దిగాడంట. నాలుగడుగులు దిగాడు. అయిదో అడుగు పళ్ళేదు. కాళ్ళు ఎనక్కి తిరిగినయ్ ఎల్లీ, నేను తిప్పలా, అయ్యే తిరిగినయ్ అని ఏడ్చాడు. పేలినాక దుమ్ములో ఎటు పోయాడో ఆయనకే తెలవదంట. ఏరు దాటి ఎల్లిపోయాడు. దిగటం చూసిన మేస్త్రీ, ఆయన కూడా పోయాడని చెప్పాడు. ఆడు చూసింది ఆ నాలుగడుగులే."

కోటేశ్వరి కళ్ళు మూసుకుంది. నాలుగడుగులు. అబద్ధం మొత్తం అబద్ధమైనా బాగుండేదేమో. అందులో నాలుగడుగుల నిజం ఉంది.

"మరి నువ్వేం చేశావ్?"

"పొమ్మన్నా."

"అంతేనా?"

"ఇంకేం చెయ్యమంటావే?" ఎల్లమ్మ గొంతు ఒక్కసారి గట్టిపడింది. "పంతొమ్మిదేళ్ళోడు నా తమ్ముడు. ముక్కలుగా తెచ్చి మా అమ్మ ముందు పెట్టారు. ఆ వత్తి ముట్టించిన చేతికి నేను అన్నం పెట్టనా? మా అమ్మ అప్పటికింకా బతికే ఉంది. ఏ మొహంతో ఇంట్లోకి తీసుకుపోను? ఇంకోపక్క ఆ ఆయా ఉద్యోగం మొగుడు పోయినదానికని ఇచ్చింది. బతికొచ్చాడంటే ఉంచుతారా? నువ్వేమో కాలేజీలో చేరాల."

"తమ్ముడి కోసం పొమ్మన్నావా, ఉద్యోగం కోసమా?"

"రెండిటికీనే. ఏది ముందో నేను చూసుకోలా. గేటు తియ్యలా, అంతే."

అలా అనేసి ఆమె గోడకు జారగిలబడింది. మాట్లాడటమే మోయలేని బరువైనట్టు ఊపిరి పీల్చుకుంది. కోటేశ్వరి లేచి కుండలోంచి నీళ్ళు ముంచి తెచ్చి ఇచ్చింది. తల్లి మీద కోపం రావాలి, రావడం లేదు. పేలిన రోజు ఈమెకెన్నేళ్ళు? ఇరవై ఏడు. గేటు తియ్యని రోజు ముప్పై ఎనిమిది. తనకంటే పన్నెండేళ్ళు చిన్న మనిషి, మోచేతులదాకా అంట్ల మసితో, గేటుకు ఇవతల నిలబడి ఉంది.

"పెన్ను?"

"ఏరవతల పెద్దోళ్ళకు బడి పెట్టారంట. అందులో అక్షరాలు నేర్చుకున్నాడు. ముందు నేర్చుకుంది తన పేరేనంట. అక్కడ వేరే పేరు చెప్పుకుని బతికాడు. కొండలు అని పిలిచేవాళ్ళెవరూ లేరు ఎల్లీ, పెన్ను మీదన్నా ఉండనీ అని చెక్కించా అన్నాడు. నాలుగేళ్ళు దాంతోనే రాసుకున్నా, ఇప్పుడు పిల్లకివ్వు, పది పాసయిందంటగా, అని గేటు సందులోంచి పెట్టి ఎల్లిపోయాడు."

"నాకెందుకివ్వలా?"

"దాని మీద పేరుందిగా."

"మరెందుకు పారెయ్యలా?"

ఎల్లమ్మ చేటలో పడ్డ ఆకు ఒకటి ఏరి గిన్నెలో వేసింది. "దాని మీద పేరుందిగా," అంది మళ్ళీ.

కోటేశ్వరి ఒళ్ళో ఉన్న పెన్ను వంక చూసింది. చెక్కిన అక్షరాల్లో ఎప్పుడో నింపిన తెల్లరంగు అక్కడక్కడ మిగిలి ఉంది. అడగాల్సినది ఒకటే ఉంది. అది అడగడానికి ఆమెకు పొద్దున్నించీ లేని ధైర్యం కావాల్సి వచ్చింది.

"ఎప్పుడు పోయాడమ్మా?"

ఎల్లమ్మ కళ్ళద్దాలు తీసింది. ఆపరేషనైన కన్ను ఎర్రగా నీరు కారుతోంది.

"పోయాడని నేనన్నానా?"

"అంటే?"

"ఇదంతా ఎట్టాగూ బయటపడింది. ఇది కూడా ఇనేయ్. తర్వాత నన్నేం చేసుకుంటావో చేసుకో." ఆమె కొంగుతో కన్ను ఒత్తుకుంది. "రెండేళ్ళ కింద నీకు క్యారేజీ తెచ్చి బస్టాండులో కూర్చున్నా. మాచర్ల నుంచి నీ బస్సొచ్చింది. అందరూ దిగినాక కర్ర పట్టుకుని ఆయన దిగాడు. జుట్టంతా తెల్లబడింది. అయినా నడక చూడంగానే తెలిసింది. ఏంది ఈ పని అని అడిగా. పిల్లతో ఏమీ మాట్లాడలేదు ఎల్లీ, టికెట్టు అడిగింది, తీసుకున్నా, అంతే అన్నాడు. నెలనెలా మొదటి మంగళవారం దాచేపల్లిలో నీ బస్సెక్కుతాడంట. ఇక్కడ దిగి టీ తాగి ఇంకో బస్సులో ఎనక్కి పోతాడు. నీకు చెప్పొద్దన్నాడు. చెప్పనన్నా. అప్పటినుంచి ఆ రోజు నేనూ క్యారేజీ వంకన వస్తన్నా. మాట్లాడను. దూరంగా కూర్చుని చూసి వస్తా."

కోటేశ్వరి లెక్క వేసుకుంది. రెండేళ్ళు. ఇరవై నాలుగు మంగళవారాలు. ఆయన చేతిలోంచి చిల్లర తీసుకుంది. టికెట్టు చించి ఇచ్చింది. ఎన్నో తెల్ల తలలు, ఎన్నో వణికే చేతులు, కడ్డీ పట్టుకుని వేలాడే ఎందరో తాతలు. ఎంత తవ్వుకున్నా ఒక్క ముఖమూ తేలడం లేదు.

"పోయిన నెల దిగలేదు," అంది ఎల్లమ్మ. "దసరా ఎల్లినాక మంగళవారం. వానొస్తందిగా, జరమేమోలే అనుకున్నా. ఈ నెల నా కంటి ఆపరేషనాయె. వచ్చాడో రాలేదో."

"అక్కడేం పేరు చెప్పుకున్నాడన్నావ్?"

"ఏసు గుళ్ళో కలిసినాక ఫాదరు పెట్టిన పేరంట. ప్రభుదాసు."

తల్లి తాగి ఇచ్చిన నీళ్ళ చెంబును కోటేశ్వరి నేల మీద పెట్టబోయి అలాగే పట్టుకుంది.

ఆ పేరు ఆమెకు తెలుసు. పోయిన నెల, వానలో, నూటికి పైగా జనంతో బస్సు ఒరుగుతూ వస్తున్నప్పుడు, అంతకుముందు స్టాపులోనే ఒకడితో గొడవపడి ఒళ్ళు మండుతున్నప్పుడు, దాచేపల్లిలో ఎక్కిన ముసలాయన పెద్దవాళ్ళ రాయితీ కోసం కార్డు చాపాడు. కార్డు తడిసి, అరిగి, ఫోటో మొత్తం చెరిగిపోయి ఉంది. పేరొక్కటే కనిపిస్తోంది. నిండు టికెట్టు తీసుకోమంది. అంత లేదమ్మా అన్నాడు. చెకింగు వాళ్ళు దారిలో ఉన్నారని అప్పుడే డ్రైవరుకు ఫోనొచ్చింది. కార్డు ఆయన ముఖం ముందు ఆడించి, బస్సంతా వినేలా తను అన్న మాట ఇప్పుడు ఆమె చెవుల్లోనే మోగింది.

"ఇందులో ఉన్నది నువ్వేనని నాకెట్టా తెలుసుద్ది తాతా? దిగు."

ఆయన వాదించలేదు. ఆమె ముఖంలోకి ఒక్కసారి చూశాడు. కార్డు జాగ్రత్తగా జేబులో పెట్టుకుని, కర్ర ముందు దించి, తర్వాత తను దిగాడు. పిడుగురాళ్ళ ఇంకా ఆరేడు మైళ్ళుంది. అటూ ఇటూ పత్తి చేలు తప్ప ఇల్లన్నది లేదు. వాన దంచి కొడుతోంది. ఆమె ఈల వేసింది. బస్సు కదిలింది.

"ఏమే, మాట్లాడవేంది?" ఎల్లమ్మ చెయ్యి చాపి కూతురి మోకాలు తడిమింది. "ఆ మంగళవారం ఎక్కాడా కోటీ? నీకేమన్నా కనపడ్డాడా?"